అరళమ్మ: పత్తి నేలలో విచ్చిన పేరు

పేరు వెనుక ఊరు – ఏడవ భాగం

కార్తీక శుద్ధ దశమికి చిప్పగిరి చేరేవాళ్ళలో కొందరు గుంతకల్లులో రైలు దిగి వస్తారు. కొందరు ఆలూరు మీదుగా వస్తారు. బళ్ళారి, రాయచూరు వైపుల నుంచి వచ్చేవాళ్ళూ ఉంటారు. అందరూ వచ్చేది కన్నడ కీర్తనకారుడు విజయదాసు ఆరాధనకు. 1755లో ఆ తిథినాడే ఆయన ఈ ఊళ్ళో దేహం చాలించారు. ఆయన పేరున ఉన్న కట్ట దగ్గర పాడే పాట కన్నడం. వీధిలోకి వస్తే వినిపించే మాట తెలుగు. ఆ తెలుగులోనూ అడుగడుగునా కన్నడం కలిసి ఉంటుంది. ఇక్కడివాళ్ళకు అది పక్క భాష నుంచి తెచ్చుకున్న మాటలా అనిపించదు. పుట్టినప్పటి నుంచి నోట్లో ఉన్న మాట అది.

విజయదాసు జీవితం చెప్పే పుస్తకాల్లో ఆయన గురువులుంటారు, శిష్యులుంటారు, కాశీయాత్రలుంటాయి, వేల కీర్తనల లెక్క ఉంటుంది. వీటి మధ్యలో ఎక్కడో ఒక వాక్యంలో సగం భాగం ఆయన భార్యకు దక్కుతుంది. ఆమె పేరు అరళమ్మ.

గత భాగంలో మంత్రాలయం గ్రామదేవత మంచాలమ్మ పేరు చూశాం. ఆ పేరుకు గుడి ఉంది, ఊరి పాత పేరులో దానికి చోటు ఉంది, యాత్రికులు ముందుగా ఆమెనే దర్శించుకునే ఆచారం ఉంది. అరళమ్మ పేరుకు అలాంటి అండ ఏదీ లేదు. ఒక పేదింటి ఇల్లాలికి ఆమె పుట్టింటివాళ్ళు పెట్టుకున్న పేరు అది. పడమటి కర్నూలులో ఈరమ్మలు, నాగమ్మలు, ఉలిగమ్మలు వీధికి నలుగురు ఉంటారు. అరళమ్మ అంటే మాత్రం జనానికి గుర్తొచ్చేది ఈ ఒక్క మనిషే. పేరు ఎంత అరుదైనదో, దాని వెనుక ఉన్న మాట ఈ నేలకు అంత దగ్గరిది. ఈ భాగమంతా ఆ మాట గురించీ, ఆ మనిషి గురించీ.

ముందు ఆ ఇంటిని చూద్దాం. విజయదాసు 1682లో నేటి రాయచూరు జిల్లా మాన్వి ప్రాంతంలోని చీకలపర్విలో పుట్టారు. తుంగభద్ర ఒడ్డు ఊరు అది. అశ్వత్థ నరసింహుడి క్షేత్రం. తల్లిదండ్రులు పెట్టిన పేరు దాసప్ప. తండ్రి శ్రీనివాసప్ప, తల్లి కూసమ్మ. ఈ కూసమ్మ పేరు దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. కన్నడంలో కూసు అంటే పసిబిడ్డ. మనవైపు పాపమ్మ, చిట్టెమ్మ, బుజ్జమ్మ అని పిలుచుకున్నట్టే అక్కడ కూసమ్మ. పుట్టినప్పుడు ముద్దుగా పిలిచిన పిలుపు, ఆమె తల్లై అవ్వై పోయినా ఆమెతోనే ఉండిపోయింది. అత్త పేరు పసిబిడ్డ, కోడలి పేరు వికాసం. శాస్త్రం తెలిసిన ఇళ్ళే అయినా ఆడవాళ్ళ పేర్లకు పురాణం వెతకలేదు. చంకన ఎత్తుకున్న బిడ్డనూ, పెరట్లో విచ్చిన పువ్వునూ చూసి పేరు పెట్టారు.

ఆ కాలం నెమ్మదైన కాలం కాదు. రాఘవేంద్రస్వామి 1671లో బృందావన ప్రవేశం చేసినప్పుడు ఆదోని కోట సిద్దీ మసూద్ ఖాన్ చేతిలో ఉంది. 1688లో ఔరంగజేబు సేనలు ఆ కోటను పట్టుకున్నాయి. అప్పటికి దాసప్పకు ఆరేళ్ళు. ఆ తర్వాత ఈ సీమ నిజాం ఏలుబడిలోకి పోయింది. కోటలు చేతులు మారిన ప్రతిసారీ శిస్తు వసూలుదారూ మారాడు, రైతు మాత్రం అదే రైతు. రేగడిలో వాన పడితే పంట, పడకపోతే వలస. దాసప్ప ఇంట్లో పేదరికం ఎంతటిదంటే చిన్నతనంలోనే ఆయన ఇల్లు విడిచి వెళ్ళిపోయారని దాస సంప్రదాయంలో చెప్పుకుంటారు. అలా తిరుగుతూ చిప్పగిరి చేరితే ఇక్కడి ఒక గృహస్థు ఆదరించాడని, ఈ ఊరితో ఆయన బంధం అప్పుడే మొదలైందని అంటారు. కాశీకి వెళ్ళి కొన్నేళ్ళకు తిరిగి వచ్చాక పెళ్ళి జరిగింది. అరళమ్మ ఆ ఇంట్లో అడుగు పెట్టింది.

పెళ్ళయినంత మాత్రాన పేదరికం పోలేదు. దాసప్ప మళ్ళీ కాశీకి బయలుదేరారు. అక్కడే కలలో పురందరదాసు కనిపించి విజయవిఠల అనే అంకితం ఇచ్చారని సంప్రదాయం చెబుతుంది. అంకితం అంటే కీర్తన చివర వచ్చే ముద్ర. అన్నమయ్యకు వేంకటేశ ముద్ర ఎలాగో దాసులకు అది అలాగ. పురందరదాసు 1564లో కన్నుమూశారు. ఆయన ఐదు లక్షల కీర్తనలు సంకల్పించి 4,75,000 పూర్తి చేశారని, మిగిలిన 25,000 విజయదాసు వంతుకు వచ్చాయని దాస సంప్రదాయంలో ఒక నమ్మకం. లెక్క సంగతి ఎలా ఉన్నా, పురందర, కనకదాసుల తర్వాత మందగించిన దాస సాహిత్యాన్ని మళ్ళీ పారించింది విజయదాసేనని కన్నడ సాహిత్య చరిత్ర ఒప్పుకుంటుంది. ఒకే రచనలో పలు తాళాలు మారుతూ సాగే సుళాదులు ఆయనకు ప్రత్యేకమైన పేరు తెచ్చాయి. గోపాలదాసు ఆయన శిష్యుడు. హరికథామృతసారం రాసిన జగన్నాథదాసు ఆ పరంపరలోనివాడు.

భర్త కాశీలో ఉన్న రోజుల్లో అరళమ్మ ఎక్కడుంది? చీకలపర్విలో, ఆ పేదింట్లోనే ఉంది. ఆయన దాసుడై తిరిగొచ్చి ఊరూరా తిరుగుతూ పాడుతుంటే, వెంట వచ్చే శిష్యులకు వండిపెట్టే వంటిల్లు ఎవరిది? దాస జీవనంలో సంపాదన అంటే ఉంఛవృత్తి. చేతిలో తంబూర, చిడతలు, భుజాన జోలె. జోలెలో పడిన గింజలే ఆనాటి కూడు. రేపటికి దాచుకోకూడదని నియమం. ఆ నియమం మగవాడికి వ్రతం. పొయ్యి ముందు కూర్చున్న ఇల్లాలికి అది ప్రతిరోజూ ఎదురయ్యే చిక్కు లెక్క. ఈ రోజు వచ్చిన జొన్నలు ఎన్ని, ఆకులు ఎన్ని వేయాలి? మోహనదాసు కథ కూడా ఈ ఇంటిదే. బతుకు భారమై పసిబిడ్డతో నీళ్ళలో దూకబోయిన ఒక తల్లిని విజయదాసు ఆపి, ఇంటికి తెచ్చి కూతురిలా చూసుకున్నారని, ఆ బిడ్డే తర్వాత మోహనవిఠల అంకితంతో రాసిన మోహనదాసయ్యాడని చెబుతారు. ఆ తల్లీబిడ్డలను ఎదురెళ్ళి కాపాడింది విజయదాసు. రోజూ అన్నం పెట్టి నిలబెట్టింది ఆ ఇంటి ఇల్లాలు. కథ చెప్పేవాళ్ళు రెండో మాటను వదిలేస్తారు. నేను వదలదలచుకోలేదు.

ఇక పేరు సంగతి.

కన్నడంలో అరళు అంటే విచ్చుకోవడం, వికసించడం. మొగ్గ విడిపోయి పువ్వు కావడాన్ని చెప్పే క్రియ అది. దానికి అమ్మ చేరితే అరళమ్మ. కిట్టెల్ 1894లో అచ్చువేసిన కన్నడ నిఘంటువులో ఈ ధాతువు ఉంది. పాత కన్నడంలో అరళ్, అలర్ అని రెండు రూపాలూ కనిపిస్తాయి. ఆ రెండో రూపం వినగానే తెలుగువాడి చెవి నిక్కపొడుచుకుంటుంది. మనకు అలరు ఉంది. అలరు అంటే వికసించు. అలరు అంటే పువ్వు. అలరువిలుకాడు అంటే పూలవింటి మన్మథుడు. బ్రౌన్ 1852 నాటి నిఘంటువులో కూడా అలరు అంటే పూయడం, సంతోషించడం. తమిళంలోనూ అలర్ అంటే పూయడమే. మనం ఇవాళ సభల్లో వాడే అలరించు అనే మాట ఈ అలరు బిడ్డే. పాటగాడు జనాన్ని అలరించాడు అన్నప్పుడు, వాళ్ళ మనసుల్ని పూయించాడని అంటున్నాం. అరళమ్మను మన భాషలోకి తెచ్చుకుంటే అలరమ్మ అవుతుంది. అంత దగ్గరి చుట్టం.

పూల పేర్లు ఆడపిల్లలకు కొత్త కాదు. తెలుగునాట పువ్వమ్మ ఉంది. కన్నడ నాట హూవమ్మ ఉంది. సంస్కృతం నుంచి పుష్ప, కుసుమ, సుమన వచ్చాయి. అరళమ్మ వీటిలో కలవదు. పుష్ప అంటే పూసి ఉన్న పువ్వు. అరళమ్మలో ఉన్నది పువ్వు కాదు, పూయడం. పేరులో ఒక కదలిక ఉంది. ఇలాంటివి లోకంలోనూ కొన్నే. లాటిన్ నుంచి వచ్చిన ఫ్లోరా పూల దేవత పేరు. గ్రీకు నుంచి వచ్చిన ఆంథియాలోనూ పువ్వే ఉంది. జపాన్‌లో సాకి అనే ఆడపిల్లల పేరును వికసించడం అనే అర్థమున్న అక్షరంతో రాసుకునే వాడుక ఉంది. అరళమ్మకు సరిగ్గా జత పడేది అది. చిప్పగిరి రేగడికీ జపాన్‌కూ ఏ సంబంధమూ లేదు. అయినా బిడ్డను చూసి ఇద్దరు తల్లులకు తోచిన ఊహ ఒకటే.

ఈ మాటకు చుట్టూ ఉన్న చిన్న చిన్న మాటలు ఇంకా బాగుంటాయి. అరళె అంటే కన్నడంలో దూది. పొలంలో ఉన్నప్పుడు పత్తిని హత్తి అంటారు. కాయ పగిలి తెల్లగా బయటపడిన దూది అరళె. ఆదోని చుట్టుపక్కల పెరిగినవాళ్ళకు ఈ రెండు మాటల దగ్గరితనం ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు. పచ్చని కాయ ఒక రోజు చివర్లు విడిచి, నాలుగు పాయలుగా తెరుచుకుని, లోపలి తెలుపును బయటికి తోస్తుంది. ఇక్కడి రైతు దాన్ని పగలడం అంటాడు, విచ్చడం అంటాడు. పువ్వు ఒకసారి పూస్తుంది, పత్తి రెండుసార్లు పూస్తుంది. మొదట పసుపు పువ్వు, తర్వాత తెల్లని దూది. రెండో పూతకే డబ్బు.

ఆదోని అంటే పత్తి. ఇక్కడి పత్తిని దొరల కాలపు వర్తకులు వెస్టర్న్స్ అనే పేరుతో కొనేవాళ్ళు. బళ్ళారి, అనంతపురం, పడమటి కర్నూలు రేగళ్ళలో పండిన పత్తికి మార్కెట్లో అది గుర్తు. జిన్నింగ్ మిల్లులు, నూనె మిల్లులు, దళారులు, బేళ్ళతో ఊరు ఎంత పెరిగిందంటే ఆదోనిని రెండో బొంబాయి అని పిలిచే అలవాటు ఇప్పటికీ పెద్దవాళ్ళ నోట ఉంది. పక్కనే ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప చేనేత కార్మికుల సహకార సంఘాన్ని నిలబెట్టారు. 1954లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఒక ఊరు దూదిని అమ్మింది, పక్క ఊరు నూలును నేసింది. ఈ మధ్యలో ఎక్కడో, రెండున్నర శతాబ్దాలకు ముందు, ఒక ఆడమనిషి పేరులో ఆ దూది విచ్చే చప్పుడు ఉంది. ఇప్పటి పత్తి జూన్, జూలైల్లో విత్తితే కార్తీకానికి తొలి తీతకు వస్తుంది. విజయదాసు ఆరాధనకు చిప్పగిరి వెళ్ళేవాళ్ళ బస్సు కిటికీకి రెండు పక్కలా అప్పుడు కనిపించేది అదే. పుస్తకంలో సగం వాక్యంగా ఉన్న పేరు పొలంలో ఎకరాల కొద్దీ పరుచుకుని ఉంటుంది.

అరళుకు మరో అర్థం పేలాలు. జొన్నలను వేడి పెనం మీద పోస్తే చిటపటమని విచ్చుకుని తెల్లగా పూస్తాయి కదా, అవి ఉత్తర కర్ణాటకలో అరళు. నాగపంచమికి అక్కడ అరళు తప్పనిసరి. మన ఇళ్ళల్లో తొలి ఏకాదశికి జొన్న పేలాలు వేయించి, విసిరి, బెల్లం కలిపి పేలాల పిండి చేస్తారు. పండగ వేరు, గింజ ఒకటే, ఆ గింజ పూసే తీరు ఒకటే. తెలుగువాడు గింజ పేలిందన్నాడు, కన్నడిగుడు గింజ పూసిందన్నాడు. రెండూ నిజమే. అయితే నాకు రెండో చూపు ఎక్కువ ఇష్టం. నిప్పుల మీద పడ్డ గింజ మాడిపోకుండా పువ్వు కావడం చిన్న విషయం కాదు. అరళమ్మ జీవితం తలచుకుంటే ఈ అర్థమే ముందు గుర్తొస్తుంది.

అరళి అనే మాట కూడా ఉంది. కన్నడంలో అరళి మరం అంటే రావిచెట్టు. అరళి కట్టె అంటే రావిచెట్టు చుట్టూ కట్టిన అరుగు. మన రచ్చకట్ట లాంటిది. విజయదాసు పుట్టిన ఊరి దేవుడే అశ్వత్థ నరసింహుడు కనుక, అరళమ్మ పేరును రావిచెట్టుతో ముడిపెట్టాలన్న ఆశ ఎవరికైనా కలుగుతుంది. కానీ ఆమె పుట్టింటివాళ్ళు ఆ పేరు పెట్టింది చీకలపర్వి సంబంధం కుదరక ముందు. పేరులో ఉన్నది అరళి కాదు, అరళ. అందువల్ల ఆ ముడి నాకు నిలిచేదిగా కనిపించదు. రావిచెట్టు ఆమెకు అత్తింట దొరికిన తోడు, పుట్టింట దొరికిన పేరు కాదు.

ఈ ప్రాంతపు ఉచ్చారణ తెలిసినవాళ్ళు మరో ప్రశ్న వేయవచ్చు. పడమటి కర్నూలులో మాట మొదట్లో హకారం నిలవదు. తుంగభద్ర ఒడ్డున హులిగిలో వెలసిన హులిగెమ్మ మన ఊళ్ళల్లో ఉలిగమ్మ అవుతుంది. హనుమక్క అనుమక్క అవుతుంది. అలాగే హరళమ్మ అనే పేరే హకారం రాలి అరళమ్మ అయి ఉండవచ్చు కదా? హరళు అంటే కన్నడంలో విలువైన రాయి, ఉంగరంలో పొదిగే రత్నం. పన్నెండో శతాబ్దపు శరణుల్లో హరళయ్య పేరు అందరికీ తెలిసిందే. బసవన్న అనుచరుడైన చర్మకారుడు. ఆ లెక్కన ఈమె రత్నమ్మ అవుతుంది. ప్రశ్న మంచిదే. అయితే కన్నడ దాస సంప్రదాయం ఈ పేరును మొదటి నుంచీ హకారం లేకుండానే రాస్తూ వచ్చింది. హకారాన్ని వదిలేసే అలవాటు పామర వ్యవహారానిది, కన్నడ రాతలో అది జాగ్రత్తగా నిలుస్తుంది. కనుక రత్నాన్ని పక్కన పెట్టి వికాసానికే ఓటు వేస్తున్నాను. తమిళంలో అరుళ్ అంటే దయ. అరుళమ్మాళ్ లాంటి పేర్లు దాని నుంచి వచ్చాయి. అరుళ్‌మొళి అనే పేరు రాజరాజ చోళుడి వల్ల మనవాళ్ళకు బాగా తెలుసు. ఆ రు మీద ఉన్న ఉకారం చిన్నదే అయినా అది వేరే ఇల్లు. అరళమ్మ దయ కాదు, పూత.

ఇంత అందమైన అర్థం ఉన్న పేరు ఎందుకు వ్యాపించలేదు? దీనికి నాకు తోచిన మొదటి కారణం మొక్కు. ఈ సీమలో పేరు పెట్టడం అంటే చాలాసార్లు అప్పు తీర్చడం. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటే పుట్టిన మగబిడ్డ ఈరన్న, ఆడబిడ్డ ఈరమ్మ. హులిగికి వెళ్ళి వచ్చాక పుట్టిన పిల్ల ఉలిగమ్మ. సుంకులమ్మ దయతో నిలిచిన పిల్ల సుంకమ్మ. మంత్రాలయం వల్ల ఇంటింటా ఒక రాఘవేంద్ర. ఆదోనిలో మహాయోగి లక్ష్మమ్మ అవ్వ పేరు మీద ఎన్ని కుటుంబాల్లో లక్ష్మమ్మలు, లక్ష్మీదేవులు ఉన్నారో చూడండి. దేవత పేరుకు ఏటా జాతర ఉంటుంది, జాతరకు మొక్కు ఉంటుంది, మొక్కుకు బిడ్డ ఉంటుంది. పేరు తనంతట తనే తిరుగుతుంది. అరళమ్మ దేవత కాదు. ఆమెకు మొక్కుకున్నవాళ్ళు లేరు. విజయదాసు పేరున ఆరాధన జరుగుతుంది కనుక విజయ అనే పేరుకు ఒక ఊతం ఉంది. ఆమె పేరుకు ఆ ఊతం దొరకలేదు.

రెండోది, అవ్వ పేరు మనవరాలికి పెట్టే ఆచారం. ఇది చాలా అరుదైన పేర్లను కాపాడింది. అత్తగారి పేరును కోడలు నోటితో పలకకూడదు కనుక, అదే పేరున్న కూతుర్ని అవ్వ అనో చిన్నమ్మ అనో పిలుచుకుంటూ, బడి రిజిస్టరులో మాత్రం అసలు పేరు రాయించేవాళ్ళు. ఒక కుటుంబంలో ఒక పేరు వందేళ్ళు బతకడానికి ఈ ఆచారం చాలు. కానీ దానికి కుటుంబం నుంచి కుటుంబానికి వ్యాపించే శక్తి లేదు. దారం తెగితే పేరు పోతుంది.

మూడో కారణం చెవి. తెలుగు చెవికి అరళమ్మలో పువ్వు వినబడదు. అర వినబడుతుంది, అరలు వినబడతాయి. గోడలో సామాను పెట్టుకునే అర. అర్థం తెగిపోయిన పేరు పిలుపులో కూడా పలచబడుతుంది. ఈ తెగడానికి ఒక తేదీ ఉంది. 1953 అక్టోబరు 1. ఆ రోజు ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. అంతవరకూ మద్రాసు రాష్ట్రంలోని బళ్ళారి జిల్లాలో ఉన్న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వచ్చాయి. ఆదోని, ఆలూరు కర్నూలులో, రాయదుర్గం అనంతపురంలో చేరాయి. బళ్ళారి జిల్లాలో మిగిలిన తాలూకాలు మైసూరుకు వెళ్ళాయి. బళ్ళారి తాలూకా మీద తగాదా వస్తే జస్టిస్ మిశ్రా విచారణ తర్వాత అదీ మైసూరుకే దక్కింది. ఆలూరు తాలూకాలోని చిప్పగిరి అలా ఆంధ్ర ఊరైంది. విజయదాసు పుట్టిన చీకలపర్వి అప్పటికి హైదరాబాదు రాష్ట్రపు రాయచూరు జిల్లా. 1956లో అది మైసూరులో కలిసింది. ఆయన పుట్టిన ఊరూ పోయిన ఊరూ రెండు రాష్ట్రాల్లో పడ్డాయి.

గీత గీసినవాళ్ళను తప్పుపట్టే ఉద్దేశం నాకు లేదు. జనం భాష చూసి గీశారు, ఎక్కడో ఒకచోట గీయక తప్పదు. కానీ గీత పడ్డాక బడి మారింది, బోర్డు మారింది, పేరు రాసుకునే లిపి మారింది. ఆదోని వైపు పల్లెల్లో కన్నడ బడులు మిగిలే ఉన్నా, చాలామంది పిల్లలకు కన్నడం అవ్వ నోట వినే భాషగా మాత్రమే మిగిలింది. ఆ అవ్వ పోయాక అరళు అంటే ఏమిటో చెప్పేవాళ్ళు తగ్గారు. ఆ తర్వాత సినిమా వచ్చింది. పేరు చివర అమ్మ మొరటుగా అనిపించే రోజులు వచ్చాయి. ఇవాళ ఆదోనిలో పుట్టిన పాపకు పేరు కావాలంటే నక్షత్రం చూసి ఒక అక్షరం తీసుకుని, ఫోన్‌లో వెతికి, రెండక్షరాల సంస్కృతం పేరును ఎంచుకుంటున్నారు. ఆ పేర్లు చెడ్డవని అనను. వాటిలో ఈ ఊరు ఉండదు, ఈ నేల ఉండదు. అది నాకు బాధ కలిగించే విషయం.

ఆడవాళ్ళ పేర్లను చరిత్ర ఎలా దాచిందో చూస్తే అరళమ్మ పేరు మిగలడమే అదృష్టమనిపిస్తుంది. 1800లో ఈ సీమ కుంపిణీ చేతికి వచ్చి దత్తమండలం అయింది. మన్రో ఏడేళ్ళు కలెక్టరుగా ఉండి పొలాలన్నీ కొలిపించాడు. చెరువు, బావి, బీడు అన్నీ లెక్కకెక్కాయి. రైతుల పేర్లు ఎక్కాయి. ఆ చేలల్లో కలుపు తీసి, పత్తి ఏరిన ఆడవాళ్ళ పేర్లు ఏ లెక్కలోకి రావాలి? పట్టా ఉన్నవాడికే పేరు.

రాతలో పేరు నిలబడాలంటే ఆడవాళ్ళకు దొరికిన దారి పాట. అరళమ్మ కాలానికే చెందిన హెళవనకట్టె గిరియమ్మ గోపాలదాసు దగ్గర అంకితం పొంది చంద్రహాసుని కథ రాసింది. ఆమెను కన్నడ దేశం కవయిత్రిగా తలచుకుంటుంది. మన వైపు తరిగొండ వెంగమాంబ 1730లో పుట్టింది. అరళమ్మ ఇంట్లో సుళాదులు వినిపించే రోజుల్లోనే ఆమె తరిగొండలో పెరుగుతోంది. తర్వాతి శతాబ్దంలో హరపనహళ్ళి భీమవ్వ పాడింది. వీళ్ళ పేర్లు వీళ్ళ రచనల వల్ల నిలిచాయి. అరళమ్మ పేరు నిలిచింది మాత్రం ఇంకొకరి చరిత్రలో ఒక బంధుత్వంగా. ఫలానావారి భార్య. అయినా ఆ సగం వాక్యం ఎంత విలువైనదో చూడండి. దానిలో ఆమె పుట్టిన భాష ఉంది, ఆ ఇంటివాళ్ళ మనసు ఉంది, ఈ నేల మీద పూచే మూడు నాలుగు వస్తువులున్నాయి. శాసనంలో ఒక దానం మాట చదివి మనం ఒక రాజు కాలాన్ని తేల్చుకుంటాం. ఒక పేదింటి ఆడపిల్ల పేరును కూడా అంత శ్రద్ధగా చదవాలన్నదే ఈ ధారావాహికలో మొదటి నుంచీ నేను చేస్తున్న పని.

చిప్పగిరి వెళ్ళినవాళ్ళు విజయదాసు కట్టకు నమస్కరించేటప్పుడు ఈ పేరు కూడా ఒకసారి తలచుకుంటే బాగుంటుంది. ఆరాధన కరపత్రాల్లో, బోర్డుల్లో ఆయన పేరు పక్కన ఆమె పేరు రాయడానికి ఖర్చయ్యేది అయిదు అక్షరాల చోటు కూడా కాదు.

ఆదోని, ఆలూరు, ఎమ్మిగనూరు, కౌతాళం, కోసిగి, హొళగుంద వైపు పాఠకులకు ఒక మనవి. మీ ఇంట్లో అరళమ్మ అనే పేరు ఉంటే, ఉండేదని విని ఉంటే, ఆమె ఏ ఊరి ఆడపడుచో, ఇంట్లోవాళ్ళు ఆమెను ఎలా పిలిచేవాళ్ళో పత్రికకు రాయండి. ఆ పేరు లేకపోయినా ఫరవాలేదు. మీ అవ్వ పేరు, అవ్వ తల్లి పేరు, ఆమె అత్త పేరు తెలిసినంతవరకూ రాసి పంపండి. అర్థం తెలియకపోయినా పలికినట్టే రాయండి. పెద్దవాళ్ళు ఉండగానే అడగండి. వచ్చే భాగం హులిగి నుంచి తుంగభద్ర దాటి మన ఊళ్ళకు వచ్చిన ఉలిగమ్మ పేరు మీద.